బరువు మోసే వ్యాపారంలో వెట్టి ఉండరాదు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఉర్దూ బడి పంతుళ్లం కనుక మాకు తెలిసింది అదేనని మీ నమ్మకం. ఈసారి కార్యదర్శి గారు వేరే పని అప్పజెప్పారు. మన సంఘంలో లారీలు ఉన్నవారు ఉన్నారు. ఇళ్ల సామాను ప్యాకింగు చేసి ఊరి నుంచి ఊరికి చేరవేసే ఆఫీసులు పెట్టుకున్నవారు, గోడౌన్లు నడిపేవారు ఉన్నారు. అంతకంటే ఎక్కువగా ఆ బరువులు వీపున మోసేవారున్నారు. యజమానీ హమాలీ ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నమాజుకు నిలబడే సంఘం మనది. అందుచేత ఈ వ్యాపారంలోకి వెట్టి ఏ దారిన వస్తుంది, దాన్ని ఎట్లా ఆపాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాము.

"ఈ రోజుల్లో వెట్టి ఎక్కడుంది మాస్టారూ? అదంతా గడీల కాలంతోనే పోయింది కదా" అని కొందరు పెద్దలు ఇప్పటికే అడిగారు. న్యాయమైన ప్రశ్న. అక్కడి నుంచే మొదలుపెడదాం.

భాష చెప్పేవాళ్లం కనుక ముందు రెండు మాటల పుట్టుక చెబుతాము. హమాలీ అనే మాట అరబ్బీలో హమ్మాల్ నుంచి వచ్చింది. మోసేవాడని అర్థం. రెండో మాట బేగార్. కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. మన రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ, బలవంతపు చాకిరీనీ నిషేధించింది. చిత్రమేమిటంటే దాని ఆంగ్ల పాఠంలో కూడా ఈ బేగార్ అనే మాటనే ఉన్నదున్నట్టుగా రాశారు. అంటే ఆ జబ్బు మన గడ్డ మీద ఎంత బాగా తెలిసినదో చూడండి. తెలుగులో దాన్నే వెట్టి అన్నాము. తెలంగాణలో దేశ్‌ముఖుల వెట్టి మీద, భూముల దోపిడీ మీద జనం తిరగబడిన చరిత్ర మీకు తెలిసిందే. ఆ సాయుధ పోరాటానికి ముందే, జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం దేశ్‌ముఖుకు ఎదురు నిలిచి, కోర్టులో గెలిచి, చివరకు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ పోరాటంలో మన పేర్లు కూడా ఉన్నాయని పిల్లలకు చెప్పడం మా పని. ఆ పేర్లకు తగినట్టు మన దుకాణాలు, మన గోడౌన్లు నడుస్తున్నాయా అని అడగడం ఈ వేళ మా పని.

ఇప్పటి వెట్టికి సంకెళ్లు ఉండవు. కష్టమైన పని అంతా వెట్టి కాదు. తక్కువ జీతమున్న ప్రతి ఉద్యోగమూ బానిసత్వం కాదు. పొట్ట చేతపట్టుకొని వలస పోవడమూ బానిసత్వం కాదు. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు ఏటా ఊళ్లకు ఊళ్లే తరలిపోతాయి. ఆ నెలల్లో బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. అది పేదరికం. మరి తేడా ఎక్కడ? మా మట్టుకు ఒకే ప్రశ్న చాలు: ఆ మనిషి "నేను రేపటి నుంచి రాను" అనగలడా? అన్నాక క్షేమంగా వెళ్లగలడా? అప్పు ఉందని ఆపితే, ఆధార్ కార్డో పాస్‌పోర్టో దాచిపెడితే, మూడు నెలల కూలి బిగబట్టి "పని అయ్యాక ఇస్తాం" అంటే, ఊళ్లో ఉన్న భార్యాపిల్లల పేరు చెప్పి బెదిరిస్తే, ఆ మనిషి వెళ్లలేడు. వెళ్లలేని వాడు చేసే పనే వెట్టి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 2022లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 5 కోట్ల మంది ఇటువంటి స్థితిలో ఉన్నారు. వారిలో దాదాపు 2 కోట్ల 80 లక్షల మంది బలవంతపు చాకిరీలోనూ, 2 కోట్ల 20 లక్షల మంది బలవంతపు పెళ్లిళ్లలోనూ ఉన్నారు. చాకిరీలో ఉన్నవారిలో నూటికి 86 మంది పనిచేసేది ప్రైవేటు వ్యాపారాల్లోనే. కనుక ఇది సర్కారు చూసుకోవలసిన విషయం మాత్రమే అని వ్యాపారులు తప్పుకోవడానికి వీలులేదు.

మన దేశంలో చట్టం లేదనీ అనుకోకండి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు లెక్క. దీని ప్రకారం వెట్టి అప్పులన్నీ రద్దు. రద్దయిన ఆ అప్పు కింద యజమాని మళ్లీ డబ్బు పుచ్చుకోవడమే నేరం, మూడేళ్ల దాకా జైలు. ఇది వెట్టి అప్పు కాదు అని నిరూపించుకోవలసిన బాధ్యత కూడా అప్పిచ్చిన వాడిదే, కూలివాడిది కాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల కూలీల కేసులో సుప్రీంకోర్టు మరొక ముఖ్యమైన మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని కూడా 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అన్నది. ఆకలి కూడా ఒక బలవంతమే అని జస్టిస్ భగవతి గారి తీర్పు సారాంశం. కొరడా అవసరం లేదన్నమాట. ఈ తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటినా, మన వీధుల్లో దాని గురించి తెలిసినవారు కొద్దిమందే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇంగ్లండులో ఆధునిక బానిసత్వ చట్టం అని 2015లో ఒకటి చేశారు. మనుషులను బానిసలుగా పెట్టుకుంటే యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. అందులో 54వ సెక్షను వ్యాపార సంస్థలకు సంబంధించినది. సాలీనా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవరున్న ప్రతి సంస్థా, తన పనిలోనూ తాను సరుకు కొనే చోట్లలోనూ బానిసత్వం లేకుండా ఏమేమి చేసిందో ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. దాన్ని కంపెనీ బోర్డు ఆమోదించాలి, డైరెక్టరు సంతకం పెట్టాలి, అందరికీ కనబడేట్టు ఉంచాలి. ఇళ్ల సామాను చేరవేసే కంపెనీలు కూడా ఇటువంటి ప్రకటనలు ఇస్తున్నాయి. అంత టర్నోవరు లేని చిన్న కంపెనీలు సైతం ఇస్తాయి, ఎందుకంటే వాటికి పని ఇచ్చే పెద్ద సంస్థలు "మీ కాగితం ఏదీ?" అని అడుగుతాయి. ఆస్ట్రేలియాలో 2018లో ఇటువంటి చట్టమే వచ్చింది. మన దేశంలోనూ షేర్ మార్కెట్టులోని మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు సెబీకి ఇచ్చే వార్షిక నివేదికలో బలవంతపు చాకిరీ గురించి జవాబు చెప్పవలసి ఉంది. ఆ కంపెనీల సామాను మోసే చిన్న ఆఫీసులకు రేపు ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది.

ఇంగ్లండు చట్టంలో లోపమూ ఉంది. "మేము ఏ చర్యా తీసుకోలేదు" అని రాసి ఇచ్చినా చట్ట ప్రకారం ప్రకటన ఇచ్చినట్టే. నేరుగా జరిమానా కూడా లేదు. అందువల్ల కొన్ని ప్రకటనలు నల్లమందు లేని టపాకాయల్లాంటివి, చూడటానికి బాగుంటాయి, పేలవు. కాగితం వేరు, కాపలా వేరు. ఆ తేడా తెలియడానికి అక్కడివే రెండు కేసులు చెబుతాము.

మొదటిది యార్క్‌షైర్‌లోని డ్యూస్‌బరీ ఊరిలో పరుపులు, మంచాలు చేసే ఫ్యాక్టరీ. హంగరీ దేశం నుంచి ఒక ముఠా పేదవాళ్లను తీసుకొచ్చి అక్కడ పనికి పెట్టింది. ఇళ్లలో కిక్కిరిసి కుక్కారు. కూలి పేరుకే. ఆ పరుపులు కొన్నది అక్కడి పెద్ద పెద్ద దుకాణాలు. ఆ దుకాణాల తరఫున తనిఖీకి వచ్చినవారు చూసి వెళ్లారు, ఏమీ పట్టుకోలేకపోయారు. 2016లో యజమానికి జైలు శిక్ష పడింది. మనుషుల అక్రమ రవాణా నేరం కింద ఆ దేశంలో శిక్షపడిన మొదటి వ్యాపార యజమాని ఆయనే అన్నారు. సోదరులారా, ఆ యజమాని పేరు ముస్లిం పేరు. ఈ సంగతి దాచి చెప్పవచ్చు, కానీ ఈ సభలో దాచితే ఇక ఎక్కడ చెబుతాము? పేరు ఏదైనా, నమాజు చేసినా చేయకపోయినా, లాభం కళ్లకు కట్టిన గంతలు ఒకటే.

రెండోది బర్మింగ్‌హామ్ ప్రాంతం కేసు. 2019లో బయటి ప్రపంచానికి తెలిసింది. పోలండులో ఇళ్లు లేనివారిని, జైలు నుంచి వచ్చినవారిని, తాగుడుకు లోబడినవారిని మంచి ఉద్యోగాలని చెప్పి తీసుకొచ్చారు. బాధితులు 400 మందికి పైగా ఉంటారని పోలీసుల అంచనా. చెత్త వేరు చేసే కేంద్రాల్లో, పొలాల్లో, పార్సిళ్ల గోడౌన్లలో పని. కూలి బ్యాంకుల్లో పడేది, నిజమే. కానీ ఆ ఖాతాల కార్డులు ముఠా జేబులో. ముఠాకు చెందిన ఒకరు మనుషులను సప్లై చేసే ఏజెన్సీ లోపలే ఉద్యోగం చేశారు. పని ఇచ్చిన కంపెనీల దగ్గర రికార్డులన్నీ సక్రమమే. "మేము ఏజెన్సీకి డబ్బు కట్టాము" అని అవి అనగలవు. కట్టిన డబ్బు మనిషి చేతికి చేరిందా అని ఎవరూ ఆ మనిషిని అతని భాషలో అడగలేదు. మా దృష్టిలో ఈ రెండు కేసుల పాఠం ఇదొక్కటే.

సామాను చేరవేసే వ్యాపారానికి ఈ పాఠం ఎందుకు పట్టుకుంటుందో చూడండి. ఈ పని రోజూ ఒకేలా ఉండదు. నెలాఖరున, వేసవి సెలవుల్లో, బదిలీల కాలంలో ఒక్కసారిగా పది బండ్ల పని వస్తుంది. మిగతా రోజుల్లో మనుషులు అక్కరలేదు. కనుక యజమాని సొంత మనుషులను తక్కువ పెట్టుకొని, అవసరానికి ముఠా మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. "భాయ్, రేపు పొద్దున ఎనిమిది మంది కావాలి." మేస్త్రీ పంపుతాడు. ఆ ఎనిమిది మంది పేర్లు యజమానికి తెలియవు. ఎక్కడ పడుకుంటారో తెలియదు. మేస్త్రీ వారికి ఎంతిస్తాడో తెలియదు. తెలుసుకోకపోవడమే సుఖంగా ఉంటుంది. వెట్టి లోపలికి వచ్చే ముందు గుమ్మం ఇదే.

వెనక గుమ్మం ఇంకొకటి ఉంది. అది మనం కొనే సరుకు. సామాను చేరవేసే ఆఫీసుకు అట్టపెట్టెలు కావాలి, బీరువాలకు చుట్టే దుప్పట్లు కావాలి, గ్లవ్స్, యూనిఫారాలు, టేపు, తాళ్లు కావాలి. పత్తి సంగతి తీసుకోండి. ఉజ్బెకిస్తాన్‌లో ఎన్నో ఏళ్లు ప్రభుత్వమే పత్తి తీయడానికి విద్యార్థులను, డాక్టర్లను, బడి పంతుళ్లను బలవంతంగా పొలాలకు తోలింది. మా వంటి పంతుళ్లు సుద్దముక్క పక్కన పెట్టి, రోజుకు ఇన్ని కిలోలని లెక్క అప్పజెప్పవలసి వచ్చింది. ప్రపంచంలో వందలాది బట్టల కంపెనీలు ఆ పత్తి కొనమని ఆనబెట్టాయి. దేశం లోపలి వారు ధైర్యం చేసి నిజం చెప్పారు. చివరకు 2021 పంటకాలంలో పెద్ద ఎత్తు నిర్బంధం అంతమైందని కార్మిక సంస్థ చెప్పింది, 2022 మార్చిలో ఆ బహిష్కరణ ఎత్తివేశారు. కొనేవాడు గట్టిగా అడిగితే ఒక ప్రభుత్వమే మారిందన్నమాట.

మలేషియాలో రబ్బరు గ్లవ్స్ చేసే అతి పెద్ద కంపెనీ సంగతీ అంతే. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చిన కూలీలు ఆ ఉద్యోగం కోసం ఏజెంట్లకు అప్పు చేసి డబ్బు కట్టారు. ఆ అప్పే వారి కాళ్లకు బంధం. 2020లో అమెరికా ఆ గ్లవ్స్‌ను ఆపింది. కంపెనీ ఆ కూలీలకు 3 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చాక 2021 సెప్టెంబరులో నిషేధం తీసింది. ఇది మనకు కొత్త కథ కాదు. రాయచోటి వైపు నుంచి, కడప నుంచి గల్ఫుకు పోయిన మన పిల్లల కథ కూడా ఇదే. వీసాకు అప్పు, అక్కడ దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతిలో. మన పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి చట్టమే చెబుతోంది. దాన్ని దాచుకొనే హక్కు ఏ యజమానికీ లేదు.

గల్ఫులో మన పిల్లవాడి పాస్‌పోర్టు లాక్కుంటే గుండె మండుతుంది. మంచిదే. మరి బీహారు నుంచో ఒడిశా నుంచో మన గోడౌనుకు వచ్చిన పిల్లవాడి ఆధార్ కార్డు మన బీరువాలో ఎందుకుంది? ఈ ప్రశ్న ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు సోదాలు చేసి గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. చాలామంది బీహారు పిల్లలు. ఇరుకు గదుల్లో, నిప్పుసెగ దగ్గర, పొద్దున నుంచి రాత్రి దాకా గాజుల మీద చమ్కీలు అతికించే పని. తల్లిదండ్రుల చేతిలో కొద్దిపాటి అడ్వాన్సు పెట్టి తీసుకొచ్చారు. పండుగకు మన ఆడపిల్లల చేతులకు తొడిగే గాజులవి. ఆ కార్ఖానాల చుట్టూ మసీదులున్నాయి, మదర్సాలున్నాయి, బడులున్నాయి. అందరూ ఆ వీధిలోనే నడిచారు.

లారీ క్లీనర్ల సంగతి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదు. దాబాల్లో, ఇళ్లలో చిన్నపిల్లల చేత చాకిరీ చేయించడం 2006 అక్టోబరు 10 నుంచే నిషిద్ధం. "వాడు బండి మీద తిరిగి పని నేర్చుకుంటున్నాడు మాస్టారూ" అంటారు. నేర్చుకోనివ్వండి, పద్దెనిమిది నిండాక. అంతదాకా బడిలో మా దగ్గర నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది.

సరే, ఏం చేయాలి? యజమానులకు ఎనిమిది పనులు మనవి చేస్తున్నాము. వీటికి పెద్ద కంపెనీ కానక్కర లేదు, ఒక మస్టరు పుస్తకం, కొంచెం ఓపిక చాలు.

ఒకటి. ఒక్క రోజు పనికి వచ్చినా సరే, ప్రతి మనిషి పేరు, వయసు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు రాసుకోండి. గుర్తింపు కార్డు చూసి అప్పుడే తిరిగి ఇచ్చేయండి.

రెండు. కూలి ఆ మనిషి చేతిలోనే, లేదా అతని సొంత ఖాతాలోనే వేయండి. నలుగురి కూలి ఒకే ఖాతాకు వేయమని మేస్త్రీ అంటే, నలుగురికీ ఒకే ఫోను నంబరు ఉంటే, అక్కడ ఆగండి. బర్మింగ్‌హామ్‌లో ఆగలేదు.

మూడు. మేస్త్రీ కమీషను మీరు ఇవ్వండి. కూలివాడి కూలిలో నుంచి కోయనివ్వకండి. కనీస వేతనం బోర్డు మీద రాసి, వచ్చిన వారి భాషలో, తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా ఏదైతే అది, అందరికీ కనబడేట్టు పెట్టండి.

నాలుగు. అడ్వాన్సు ఇస్తే ఒక నెల కూలికి మించకుండా, కాగితం మీద, వడ్డీ లేకుండా ఇవ్వండి. అడ్వాన్సు బాకీ ఉందని మనిషిని ఆపకండి. బాకీ వసూలుకు దారులు వేరే ఉన్నాయి, మనిషి మాత్రం తాకట్టు వస్తువు కాడు.

ఐదు. వాళ్లు పడుకునే చోటు మీరే స్వయంగా వెళ్లి చూడండి. బయట తాళం వేసే అలవాటు ఉంటే ఆ రోజే మాన్పించండి. నీళ్లు, దొడ్డి, గాలి ఉన్నాయా చూడండి.

ఆరు. డ్రైవరుకు, క్లీనరుకు గంటల లెక్క ఉండాలి. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 లోనే చట్టం చేశారు. నిద్రలేని డ్రైవరు తనకే కాదు, దారిన పోయేవారికీ ప్రమాదం.

ఏడు. ఎక్కువ డబ్బు పెట్టి కొనే మూడు వస్తువులు ఏవో చూసుకోండి. అవి ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు అని దుకాణదారుని అడగండి. దగ్గరలో ఉంటే ఒకసారి చెప్పకుండా వెళ్లి రండి. అన్నిటినీ ఒకేసారి వెతకలేరు, ఏటా ఒక వస్తువు చాలు.

ఎనిమిది. మేస్త్రీకి తెలియకుండా కూలివాడు తన కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి, ఒక ఫోను నంబరు ఉండాలి. చెప్పినవాడి పని పోకూడదు.

ఇంత చేశాక ఎక్కడైనా వెట్టి కనబడిందే అనుకోండి. అప్పుడు చాలామంది చేసే పని, మేస్త్రీని పిలిచి కేకలేసి, "రేపటి నుంచి మీ మనుషులు వద్దు" అని పంపేయడం. దయచేసి అట్లా చేయకండి. రాత్రికి రాత్రి ఆ మనుషులను ఇంకో ఊరికి తరలిస్తాడు. మన చెయ్యి శుభ్రమవుతుంది, వాళ్ల బతుకు మారదు. ముందు వాళ్ల క్షేమం చూడాలి. కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ తెలియజేయాలి. ఈ చట్టం కింద విడుదల బాధ్యత వారిదే, జిల్లాలో విజిలెన్సు కమిటీ ఉండాలి. ప్రాణభయం ఉంటే 112, పిల్లల సంగతైతే 1098. విడుదలైన మనిషికి విముక్తి పత్రం ఇప్పించాలి. 2016 నాటి కేంద్ర పథకంలో పునరావాసానికి పురుషులకు లక్ష, స్త్రీలకు పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షల రూపాయలని పెట్టారు. ఆ పత్రం లేకుండా ఇవేవీ రావు. కేసు తేలేదాకా పూర్తి సొమ్ము అందదు కనుక వెంట తిరిగే మనిషి కావాలి. అక్కడ సంఘం పని ఉంది.

ఇళ్లలోని అమ్మలకు, అక్కలకు కూడా ఒక మాట. ఇల్లు మారేటప్పుడు నలుగురిని రేటు అడుగుతాం, తక్కువ చెప్పినవాడికి ఇస్తాం. అందులో తప్పు లేదు. కానీ ఒకడు మిగతావారి కంటే సగానికి చేస్తానంటే కొంచెం ఆలోచించండి. డీజిలు ధర అందరికీ ఒకటే. టోల్‌గేటు ఎవరికీ మాఫీ లేదు. లారీ కిస్తు ఆగదు. మరి సగం ఎక్కడ తగ్గింది? తగ్గడానికి మిగిలింది మోసేవాడి కూలే. సామాను దింపాక వాళ్లకు నీళ్లిచ్చి, "ఏ ఊరు నాయనా, ఎంతిస్తారు?" అని అడగండి. జవాబు చెప్పేముందు వాడు మేస్త్రీ ముఖం చూస్తే మీకు అర్థమవుతుంది.

"అడ్వాన్సు ఇవ్వకపోతే కూలీలు రారు, ఇంత లెక్క చూస్తే పోటీలో నిలబడలేం" అని యజమానులు అంటారు. ఈ మాటను కొట్టిపారేయము. నిజంగానే చిన్న యజమాని కూడా ఫైనాన్సు వాడికి అప్పులోనే ఉన్నాడు. కానీ అడ్వాన్సు ఎందుకు అడుగుతారో చూడండి. కూతురి పెళ్లి, తల్లి ఆపరేషను, వాన లేక పోయిన పంట. ఆ అవసరం తీర్చే చోటు ఇంకొకటి లేకనే మేస్త్రీ దగ్గర తల వంచుతారు. ఆ చోటు మనం ఏర్పరచగలం. జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో బానిసల విముక్తి ఒకటి, మరొకటి అప్పుల్లో మునిగినవారి సహాయం అని మీకు తెలిసిందే. బానిసలు ఇప్పుడెక్కడున్నారని మొదటి పద్దును చాలామంది వదిలేస్తారు. ఎక్కడున్నారో ఇంతసేపూ చెప్పుకున్నాం. ఎవరికి, ఏ పద్దు కింద ఇవ్వవచ్చునో ఉలమాలను అడిగి నిర్ణయించండి, అది మా అర్హత కాదు. కానీ ఒక జాగ్రత్త మాత్రం చెబుతాము: వెట్టి అప్పు తీర్చడానికని యజమానికి డబ్బు కట్టకండి. ఆ అప్పు చట్టంలో ఇప్పటికే రద్దు. కడితే ఇంకొకరిని పట్టుకోవడానికి వాడికి పెట్టుబడి ఇచ్చినట్టే. ఆ డబ్బు విడుదలైన కుటుంబం చేతిలో పెట్టండి, తోపుడు బండికో, కుట్టు మిషనుకో, పిల్లల బడికో.

కనుక కార్యవర్గం ముందు మూడు కోరికలు ఉంచుతున్నాము. మొదటిది, కర్జె హసనా నిధిలో కొంత భాగం కూలి కుటుంబాల అత్యవసరాలకు, వడ్డీ లేకుండా, మేస్త్రీ ప్రమేయం లేకుండా కేటాయించాలి. ఏ మతం వారైనా, ఏ రాష్ట్రం వారైనా మన ఊరి బరువు మోసేవారికి అది అందాలి. రెండోది, సంఘంలోని లారీ, ప్యాకింగు యజమానులు పైన చెప్పిన ఎనిమిది అంశాల మీద ఏటా ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, వచ్చే సావనీరులో అచ్చు వేయించాలి. చేసిందీ రాయాలి, చేయలేకపోయిందీ రాయాలి. మూడోది, ఒడియా, హిందీ వచ్చిన మన యువకులు ఇద్దరు నెలకొకసారి గోడౌన్లకు వెళ్లి కూలీలతో మాట్లాడి రావాలి. పాఠాలు చెప్పనక్కర లేదు, వింటే చాలు.

ఈ మూడింటికీ ఖర్చు పెద్దగా లేదు. యజమాని కాస్త వంగి తన పుస్తకం చూపించాలి, అంతే. పుస్తకం చూపించగల యజమానికి భయం లేదు. "రేపటి నుంచి రాను" అని చెప్పగల హమాలీ, మర్నాడు తన ఇష్టంతోనే వస్తాడు. అట్లా వచ్చినవాడు మోసిన సామాను కూడా పగలకుండా చేరుతుంది.